ఇనాం రిజిస్టరుతో మీ ఊరి పాత పటం గీయడం ఎలా

మీ ఊళ్ళో "నీరుగంటి చేను", "మంగలి మాన్యం", "గుడి మాన్యం" లాంటి పేర్లు ఇంకా వినిపిస్తున్నాయా? అవి ఎక్కడున్నాయో చేయి చాపి చూపించగలిగే పెద్దవాళ్ళు ఇంకా ఉన్నారా? ఉంటే ఈ పని వచ్చే ఏటికి వాయిదా వెయ్యొద్దు. కాగితాలు ఏదో ఒక ఆఫీసులో ఇంకో ఇరవై ఏళ్ళయినా పడి ఉంటాయి. పొలం పేర్లు తెలిసిన మనుషులు అలా ఉండరు.

ఇక్కడ చెప్పేది కోస్తా, రాయలసీమ ఊళ్ళకు పనికొచ్చే పద్ధతి. అంటే పాత మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఊళ్ళన్నమాట. తెలంగాణ ఊళ్ళు నిజాం పాలనలో ఉండేవి కాబట్టి అక్కడి రికార్డుల పేర్లు వేరు: సేత్వార్, టిప్పన్, వసూల్ బాకీ, 1954-55 నాటి ఖాస్రా పహాణీ. పని చేసే క్రమం మాత్రం చాలావరకు ఇదే.

ముందు ఒక్క సంగతి తెలిస్తే మిగతాదంతా సులువుగా అర్థమవుతుంది. 1858లో మద్రాసు ప్రభుత్వం ఇనాం కమిషన్ వేసింది. దానికి మొదటి కమిషనరు జి.ఎన్. టేలర్. రాజులు, నవాబులు, జమీందార్లు పన్ను లేకుండానో, నామమాత్రపు పన్నుకో ఇచ్చిన భూములు ఊరూరా ఉండేవి. వాటినే ఇనాములు, మాన్యాలు అంటారు. అవి ఎవరి చేతిలో ఉన్నాయి, ఏ పనికి ఇచ్చారు, ఇచ్చిందెవరు, సనదు (ఇచ్చినట్టు రాసిన పత్రం) ఉందా లేదా అని విచారించి ఒక్కొక్కటిగా రిజిస్టరులో ఎక్కించారు. 50 ఏళ్ళుగా అనుభవంలో ఉన్న ఇనామును చెల్లుబాటయ్యేదిగా ఒప్పుకున్నారు. ఖాయం చేసిన వాటికి టైటిల్ డీడ్ ఇచ్చారు, పాత కాగితాల్లో కనిపించే టి.డి. నంబరు అదే. చాలా వాటికి క్విట్ రెంటు, అంటే నామమాత్రపు శిస్తు, కట్టారు. సర్కారుకు కావలసింది శిస్తు లెక్క. కానీ ఆ లెక్క కోసం రాసిన రిజిస్టరులోనే మన ఊరు ఎలా కూడుకుందో దొరుకుతుంది. పూజారికి ఎక్కడ ఇచ్చారు, కమ్మరికి ఎక్కడ, చెరువు తూము దగ్గర కాపలా ఉన్నవాడికి ఎక్కడ అన్నది కలిపి చూస్తే పాత ఊరి ఆకారం బయటపడుతుంది.

1. మీ ఊరు ఏ రకమో తేల్చుకోండి

రికార్డుల కోసం తిరగడానికి ముందే ఇది తెలియాలి. ప్రభుత్వమే నేరుగా రైతుల దగ్గర శిస్తు వసూలు చేసిన రైత్వారీ గ్రామమా? విజయనగరం, పిఠాపురం, నూజివీడు, వెంకటగిరి లాంటి జమీందారీలో ఉన్నదా? లేక ఊరు ఊరంతా ఇనాంగా (అగ్రహారం, శ్రోత్రియం, ముఖాసా) ఇచ్చినదా?

రైత్వారీ ఊరైతే ఇనాం ఫెయిర్ రిజిస్టరు (ఇనాం కమిషన్ రాయించిన రిజిస్టరు ఇదే), దాని తర్వాత శిస్తు మళ్ళీ కట్టినప్పుడు రాసిన రీసెటిల్మెంట్ రిజిస్టరు (ఆర్.ఎస్.ఆర్., చాలాచోట్ల డైగ్లాట్ అంటారు), ఒక్కో సర్వే నంబరు కొలతలు గీసి ఉంచిన ఎఫ్.ఎం.బి. (ఫీల్డ్ మెజర్‌మెంట్ బుక్) వరుసగా దొరికే అవకాశం ఎక్కువ. జమీందారీ ఊళ్ళలో చాలావాటికి ప్రభుత్వ సర్వే సరిగ్గా జరిగింది 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతే. అక్కడ మీరు అడగవలసింది సెటిల్మెంట్ ఫెయిర్ అడంగల్. ఈ తేడా తెలియక, లేని డైగ్లాట్ కోసం నెలల తరబడి తిరిగినవాళ్ళను చూశాను.

2. ఆఫీసుకు వెళ్ళే ముందు పొలానికి వెళ్ళండి

చాలామంది దీన్ని ఆఖరుకు పెడతారు. నా మటుకు ఇదే మొదటి పని. ఎందుకంటే ఇనాం కమిషన్ వచ్చేనాటికి చాలా ఊళ్ళలో సర్వే జరగలేదు. రిజిస్టరులో సర్వే నంబరు ఉండాల్సిన చోట పొలం పేరే ఉంటుంది, లేదంటే సర్వేకు ముందటి కొలతల్లో వేసిన పాత పైమాయిషీ నంబరు ఉంటుంది. తాటిదొరువు, నక్కలదిబ్బ, మామిళ్ళచేను, ఊరకుంట కింద... ఈ పేరును నేలతో కలిపేది మనిషి జ్ఞాపకం ఒక్కటే.

డెబ్భై దాటినవాళ్ళను ఇద్దరు ముగ్గురిని ఎంచుకోండి. భూస్వాముల ఇళ్ళలోనే అడిగి ఊరుకోవద్దు. గొర్రెలు కాసినవాళ్ళు, నీళ్ళు కట్టినవాళ్ళు, కూలికి ఊరంతా తిరిగినవాళ్ళు ఎక్కువ పేర్లు చెబుతారు. కుర్చీలో కూర్చోబెట్టి అడిగితే పది పేర్లు వస్తాయి. డొంక వెంట నడిపిస్తూ అడిగితే యాభై వస్తాయి. ఫోనులో జీపీఎస్ పెట్టుకుని, ఒక్కో పేరు చెప్పినచోట ఒక గుర్తు వేసుకోండి. పేరును వాళ్ళు పలికినట్టే రాయండి, మీరు దిద్దొద్దు.

మా ఊళ్ళో ఒక పెద్దామెతో అలా నడుస్తుంటే, చెరువు కలుజు (అలుగు) దాటాక ఆగి, "ఇది మా మామకు నీళ్ళు కట్టినందుకిచ్చిన చేను నాయనా. మా ఆయన హయాంలో అమ్ముకున్నాం" అంది. నేను అప్పటిదాకా ఆ చేను గురించి ఏ కాగితంలోనూ చూడలేదు. నాలుగు నెలల తర్వాత రిజిస్టరు జిరాక్సులో నీరుగంటి ఇనాం అన్న ఎంట్రీ కనబడింది, పక్కన "కలుజు కింద" అన్న మాటతో. ఆమె చెప్పకపోతే ఆ ఎంట్రీని ఊళ్ళో ఉన్న మూడు కలుజుల్లో దేని కింద పెట్టాలో నాకు తెలిసేది కాదు.

3. కాగితాలు సంపాదించండి

తహసీల్దారు కార్యాలయంలో డైగ్లాట్, అడంగల్ (ఊరి పొలాలు, పంటల లెక్క) అడగండి. ఎఫ్.ఎం.బి., గ్రామ పటం అక్కడి మండల సర్వేయరు దగ్గరో, జిల్లా సర్వే ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) ఆఫీసులోనో ఉంటాయి. ఆంధ్రప్రదేశ్ ఊళ్ళకు మీభూమి వెబ్‌సైటులో ఎఫ్.ఎం.బి., గ్రామ పటం చూడొచ్చు, ముందు అవి దింపుకోండి. ఇనాం ఫెయిర్ రిజిస్టరు కోసం కలెక్టరేటు రికార్డు రూము, రాష్ట్ర ఆర్కైవ్స్, చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ఆర్కైవ్స్ చూడాలి. 1984లో కరణం, మునసబు పదవులు రద్దయ్యాక ఊళ్ళో ఉన్న దస్తరాలు కొన్ని ఆఫీసులకు చేరాయి, కొన్ని ఇళ్ళ అటకల మీదే ఉండిపోయాయి. పాత కరణాల కుటుంబాలను మర్యాదగా అడగండి. వాళ్ళ ఇంట్లోనే ఫోటో తీసుకుని కాగితం అక్కడే ఉంచి రండి.

అడిగేటప్పుడు "పాత రికార్డులు కావాలి" అనొద్దు. ఊరి పేరు, పాత తాలూకా పేరు, పాత జిల్లా పేరు, ఏ రిజిస్టరు కావాలో రాసి ఇవ్వండి. మండలాలు 1985లో వచ్చాయి, ఆ తర్వాత జిల్లాలు మారాయి. రికార్డు రూములో కట్టలు మాత్రం పాత తాలూకా పేరుతోనే ఉంటాయి. లేవని నోటిమాటగా చెబితే సమాచార హక్కు దరఖాస్తు పెట్టి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి.

ఇంకో వనరు ఉంది. ఇనాం కమిషన్ కంటే అర్ధ శతాబ్దం ముందే ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ ఊరూరా కైఫీయతులు రాయించాడు. ఆ పనిలో ఆయనకు కుడిభుజంగా నిలిచింది తెలుగువాళ్ళే: కావలి బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి సోదరులు. ఊరు ఎప్పుడు కట్టారు, గుడి ఎవరు ఎత్తారు, ఏ మాన్యం ఎవరిచ్చారు అన్న వివరాలు కరణాలు చెప్పగా రాసినవి. అన్ని ఊళ్ళకూ లేవు. రాతప్రతులు చెన్నై ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారంలో ఉన్నాయి. కడప జిల్లావైతే అక్కడి సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం సంపుటాలుగా అచ్చువేసింది. మీ ఊరి కైఫీయతు ఉంటే మీ పటం వయసు యాభై ఏళ్ళు వెనక్కి జరుగుతుంది.

4. రిజిస్టరు చదవడం

ఇనాం ఫెయిర్ రిజిస్టరు ఇంగ్లీషులో, కలం రాతలో ఉంటుంది. ఒకే వెంకయ్య పేరు మూడు రకాల స్పెల్లింగులతో కనబడొచ్చు. మొదటి రోజే అర్థం కావాలని పట్టుబట్టకండి. ఒక పేజీని పూర్తిగా ఎత్తి రాసుకుంటే ఆ గుమస్తా అక్షరాల వంపు అలవాటవుతుంది, తర్వాత పేజీలు తేలికవుతాయి.

ఒక్కో ఎంట్రీ నుంచి ఇవి పట్టికలోకి ఎక్కించండి: ఇనాం రకం, పొలం పేరు లేదా నంబరు, విస్తీర్ణం, మెట్టా మాగాణా, ఇచ్చినవారు, ఇచ్చిన ఏడు, మొదట పొందినవారు, విచారణ నాటికి అనుభవిస్తున్నవారు, టి.డి. నంబరు.

ఏళ్ళు ఫసలీలో (జూలైతో మొదలయ్యే శిస్తు ఏడు) ఉంటే 590 కలపండి. ఫసలీ 1270 అంటే 1860 జూలై నుంచి 1861 జూన్ దాకా.

విస్తీర్ణం దగ్గర తొందరపడొద్దు. పాత లెక్కల్లో భూమిని విత్తనం కొలతతో చెప్పేవారు. పుట్టికి 20 తూములు అన్నది అందరికీ తెలిసిందే, కానీ పుట్టి భూమి ఎన్ని ఎకరాలు అన్నది ఊరికొక తీరు. మీ ఊళ్ళోనే పాత కొలతా ఎకరాలూ రెండూ తెలిసిన చేను ఒక్కటి దొరికితే, దాంతో నిష్పత్తి కట్టి మిగతావాటికి వాడండి. పక్క ఊరి లెక్క తెచ్చి పెట్టొద్దు.

రకాల పేర్లలో ఊరి పుట్టుక కనిపిస్తుంది. దేవాదాయం గుడికి, ధర్మాదాయం సత్రాలూ చలివేంద్రాల్లాంటి వాటికి. భట్టవృత్తి పండితులకు. కమ్మరి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, తలారి, వెట్టి, నీరుగంటి పేరిట ఉన్నవి సేవా ఇనాములు. వీటి సంగతి విడిగా తర్వాతి ఏళ్ళలో తేల్చారు కాబట్టి తేదీలు వెనకాముందు ఉంటే కంగారుపడొద్దు. రాయలసీమ, నెల్లూరు వైపు దశబంధం ఇనాం కనబడితే ఆ ఎంట్రీని చుట్టేసి గుర్తుపెట్టుకోండి. చెరువో బావో తవ్వించినందుకు, బాగుచేసినందుకు ఇచ్చినది అది. ఆ చెరువు ఎంత పాతదో చెప్పే సాక్ష్యం దాని పక్క గడిలోనే ఉండొచ్చు.

5. నంబర్లు కలపడం

ఈ మెట్టు దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. ఇనాం రిజిస్టరులో ఒక నంబరు చూసి, అదే నంబరును ఇప్పటి గ్రామ పటంలో వెతికి రంగు వేసుకుంటూ పోయాను. రెండు నెలలు చేశాక పూజారి మాన్యం చెరువు గర్భంలో తేలింది. అప్పుడు అర్థమైంది. అది పైమాయిషీ నంబరు. దాని తర్వాత సర్వే జరిగింది, ఆ తర్వాత రీసర్వే జరిగింది, రెండుసార్లూ నంబర్లు మారాయి. మొత్తం చెరిపేసి మళ్ళీ మొదలుపెట్టాను.

మీరు అలా చేయొద్దు. పట్టికలో నంబరుకు ఒక గడి సరిపోదు, నాలుగు పెట్టండి: పైమాయిషీ నంబరు, మొదటి సర్వే నంబరు, రీసర్వే నంబరు, ఇప్పటి నంబరు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వే పూర్తయిన ఊరైతే ఇప్పటి నంబరు ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సెల్ మ్యాప్) నంబరు అవుతుంది. డైగ్లాట్‌లో పాత నంబరు, కొత్త నంబరు పక్కపక్కనే ఉంటాయి, రిమార్కుల గడిలో టి.డి. నంబరు కూడా కనబడొచ్చు. టి.డి. నంబరు దొరికిందంటే ఆ రెండు రిజిస్టర్లూ కలిసినట్టే. పట్టాదారు గడిలో పేరు బదులు చుక్కలు ఉంటే చుక్కలనే రాసుకోండి. చుక్కల భూములంటున్నది వీటినే. ఊహించి పేరు పెట్టొద్దు.

నంబరుతో కలవని ఎంట్రీలకు పాత రిజిస్టర్డ్ దస్తావేజుల్లోని చెక్కుబందీ (నాలుగు వైపుల హద్దులు) పనికొస్తుంది. "తూర్పు: డొంక, దక్షిణం: చాకలి మాన్యం" అని ఉన్న ఒక్క వాక్యం రెండు చేలను పక్కపక్కన నిలబెడుతుంది. అదీ లేకపోతే రెండో మెట్టులో మీరు గుర్తులు వేసుకున్న పేర్లే దిక్కు.

6. ఎఫ్.ఎం.బి. నుంచి చేను గీయడం

గ్రామ పటం సాధారణంగా మైలుకు 16 అంగుళాల స్కేలులో ఉంటుంది. అంటే కాగితం మీద అంగుళానికి నేల మీద 5 గొలుసులు, 330 అడుగులు. ఊరంతటికీ అది చాలు. ఏదైనా చేను గురించి అనుమానం వస్తేనే ఎఫ్.ఎం.బి. తీయండి.

పాత ఎఫ్.ఎం.బి. కొలతలు లింకుల్లో ఉంటాయి. గొలుసు 66 అడుగులు, గొలుసుకు 100 లింకులు. చేనుకు అడ్డంగా ఒక గీత లాగి, దాని మీది నుంచి మూలలకు లంబంగా ఆఫ్‌సెట్లు కొలుస్తారు. అప్పుడు చేను త్రిభుజాలు, ట్రపీజియాలుగా విడిపోతుంది. ఉదాహరణకు అడ్డంగా లాగిన గీత 420 లింకులు, ఆఫ్‌సెట్ 250 లింకులు ఉన్న త్రిభుజం తీసుకోండి. 420ని 250తో గుణించి సగం చేస్తే 52,500 చదరపు లింకులు. ఎకరానికి లక్ష చదరపు లింకులు కాబట్టి సెంటుకు వెయ్యి. అంటే ఆ ముక్క 52 సెంట్ల యాభై. ఇలా కూడి వచ్చినది డైగ్లాట్‌లోని విస్తీర్ణంతో దగ్గరగా సరిపోతే మీరు సరైన చేను పట్టుకున్నట్టే. ఈ లెక్క చేతితో రెండు మూడు చేలకైనా చేయండి. పాత సర్వేయరు ఆ ఎండలో గొలుసు లాగుతూ ఎలా ఆలోచించాడో అప్పుడు తెలుస్తుంది.

7. పటాన్ని నేల మీద కూర్చోబెట్టడం

పటాలు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితంగా దొరుకుతుంది. అందులో స్కాన్ చేసిన పటాన్ని నేల మీది స్థానాలతో కలిపే జియోరెఫరెన్సర్ తెరిచి గ్రామ పటం స్కాన్ ఎక్కించండి. ప్రొజెక్షను యూటీఎం జోన్ 44 ఉత్తరం, అంటే ఈపీఎస్‌జీ 32644. శ్రీకాకుళం జిల్లాలో 84 డిగ్రీల రేఖాంశం దాటిన ఊళ్ళకు జోన్ 45, అనంతపురం వైపు 78కి పడమటనున్న ఊళ్ళకు జోన్ 43.

గుర్తులుగా ఏవి తీసుకోవాలన్నదే ముఖ్యం. ఇళ్ళ మూలలు, రోడ్డు మలుపులు వద్దు, అవి జరుగుతాయి. మూడు ఊళ్ళ పొలిమేరలు కలిసే రాళ్ళు అన్నిటికంటే నమ్మకమైనవి. సర్వేయర్లు ట్రైజంక్షన్ అంటారు. ఫోను పట్టుకుని వాటి దగ్గరికి స్వయంగా వెళ్ళండి. ముళ్ళకంప కింద సగం పూడిపోయి ఉంటాయి, చాలాచోట్ల పసుపు కుంకుమలతో పొలిమేర దేవతగా పూజలందుకుంటూ ఉంటాయి. గుడి ధ్వజస్తంభం, చెరువు తూము, పాత బావి కూడా మంచివే. కనీసం ఆరు గుర్తులు పెట్టండి, ఊరి నాలుగు మూలలా పరచుకునేలా చూడండి. ఒకే వైపు గుంపుగా పెడితే రెండో వైపు పటం వంకరపోతుంది.

8. పాత ఊరు చూడాలంటే కాలువలు తీసేయండి

డెల్టా ఊళ్ళవాళ్ళు ఇది తప్పక చేయాలి. ధవళేశ్వరం ఆనకట్ట 1847-52 మధ్య, బెజవాడ దగ్గర కృష్ణా ఆనకట్ట 1852-55 మధ్య కట్టారు. ఇనాం కమిషన్ వచ్చేనాటికి కాలువలు కొత్తవి, మాన్యాలు పాతవి. కాలువలతో ఉన్న పటం చూస్తే సేవా ఇనాములు చెదురుమదురుగా, అర్థం లేకుండా కనిపిస్తాయి. కాలువల పొరను ఆపేసి వాగులు, చెరువులు, డొంకలు, దిబ్బలు మాత్రమే ఉంచండి. అప్పుడు నీరుగంటి చేను చెరువు తూము దగ్గరికి, తలారి చేను పొలిమేర దారి దగ్గరికి చేరతాయి. పాత రికార్డులో మెట్ట అని ఉండి ఇప్పుడు మాగాణి అయిన చేలను వేరే రంగులో చూపండి. ఊరు ఏ వైపు తిరిగిందో అదే చెబుతుంది.

గ్రామకంఠం (ఇళ్ళున్న చోటు) పటంలో ఒకే నంబరుతో ఖాళీగా ఉంటుంది. సర్వేయరు ఇళ్ళ మధ్యకు గొలుసు పట్టుకుని రాలేదు. ఆ ఖాళీని మీరు నింపాలి. పాత బావులు, రచ్చబండ, గుళ్ళు, మసీదు, చర్చి, పాత పేటలు, పల్లెలు, గూడేలు ఎక్కడున్నాయో అడిగి గుర్తించండి. ఏ బావి నీళ్ళు ఎవరు తోడుకునేవారు, ఎవరిని తోడనిచ్చేవారు కాదు అన్నది కూడా రాయండి. పటంలో అది లేకపోతే ఆ పటం సగం ఊరిదే అవుతుంది.

ఊరి బయట పాటిదిబ్బ ఉంటే వదలొద్దు. బూడిద రంగు మన్ను, పెంకు ముక్కలు, వాన తర్వాత పూసలు దొరికే ఎత్తయిన చోటు అది, పాడుపడిన పాత ఊరి ఆనవాలు. రైతులు పాటిమన్ను ఎరువుగా తోలుకుపోవడంతో చాలా దిబ్బలు కరిగిపోయాయి. ఎంత మిగిలిందో కొలిచి, ఫోటో తీసి పటంలో పెట్టండి. తవ్వొద్దు. మాన్యాల్లో అన్నిటికంటే పాతవి దిబ్బ వైపు ఉన్నాయా, ఇప్పటి ఊరి వైపు ఉన్నాయా అన్నది చూడండి. మా ఊళ్ళో గుడి మాన్యం, కుమ్మరి మాన్యం రెండూ దిబ్బ పక్కనే తేలాయి. ఊరు అక్కడి నుంచి లేచి వచ్చిందని మా తాత చెప్పే మాటకు నాకు దొరికిన మొదటి ఆధారం అది.

9. ఊరికి చూపించే ముందు

మీరు గీసింది హక్కు పత్రం కాదు. ఆ మాట పటం మీదే పెద్దక్షరాలతో రాయండి. 1956 ఇనాం రద్దు చట్టం తర్వాత ఎన్నో మాన్యాలు రైత్వారీ పట్టాలయ్యాయి, చేతులు మారాయి. దేవాదాయ భూములు నిషేధిత జాబితాలో ఉండి రిజిస్ట్రేషన్లు ఆగిన కుటుంబాలు చాలా ఊళ్ళలో ఉన్నాయి. అలాంటి చోట పటం తీసుకెళ్ళి గోడకు అంటిస్తే తగాదా మొదలవుతుంది. ఇప్పటి యజమానుల పేర్లు పటంలో పెట్టొద్దు. పాత ఇనాం రకం, పొలం పేరు, ఏడు చాలు.

ముందుగా పేర్లు చెప్పిన పెద్దవాళ్ళకే చూపించండి. చాపంత పెద్దగా ప్రింటు తీయించి అరుగు మీద పరిచి, వాళ్ళ చేతికి పెన్సిలు ఇవ్వండి. కచ్చితంగా దిద్దుతారు. "నక్కలదిబ్బ ఇక్కడ కాదబ్బాయ్, ఆ ఎగువన" అని గీత మీద గీత వేస్తారు. ఆ పెన్సిలు గీతలను అలాగే ఫోటో తీసి ఉంచుకోండి, చెరపొద్దు. దిద్దిన ప్రతిని ఒకటి ఊరి బడికి, ఒకటి లైబ్రరీకి ఇవ్వండి. వెనకవైపు నాలుగు గడుల నంబర్ల పట్టిక అంటించండి, రేపు ఎవరైనా మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోకుండా.